కోత పండుగకు ఇచ్చిన పుంజు

ఆ పుంజు నాది. దాని తాతను మా నాయన పెంచాడు, దాని తల్లిని నేను పెంచాను, దాని ఎడమకాలి వేళ్ళ మధ్య తోలుకు గుర్తుగా గాటు పెట్టింది నా కత్తెరే. అయినా మా ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి, "ఆటో ఆయన పుంజు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మండిందని చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను.

నేను దర్జీని. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కన అంగడి. పగలు జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడతాను, మిగిలిన పొద్దంతా కోళ్ళు. మావి చిలకముక్కు కోళ్ళు. పందెం కోళ్ళనుకునేరు, వీటి కాలికి కత్తి కట్టరు. ఇవి అందం కోసం పెంచేవి. పోటీకి తీసుకుపోతే పెద్దమనుషులు ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూస్తారు. ముక్కు పొట్టిగా, లావుగా, చిలక ముక్కులా కిందికి వంగాలి. కన్ను తెల్లగా ఉండాలి. మెడ నిటారుగా లేవాలి. కాళ్ళు వంకర పోకూడదు. అన్నింటికంటే తోక. నిలబడితే తోక ఈకలు నేలకు జీరాడాలి, ఒక్క ఈక కూడా విరిగి ఉండకూడదు. ముక్కూ తోకా రెండూ ఒకే పుంజుకు కుదరడం మా నాయన కాలం నుంచీ మా ఇంట్లో కల. ముక్కు వస్తే తోక రాదు, తోక వస్తే కన్ను ఎర్రబడుతుంది. నాయన పోయాక ఆ కల నాకు మిగిలింది.

నాయన ఒకటే చెప్పేవాడు: "తోక ఒకసారి రాలి మళ్ళీ వచ్చేదాకా పుంజును గురించి నోరు తెరవాకురా." నాకంత ఓపిక యాడిది? సెల్ ఫోనులో పోటీల వీడియోలు చూసి చూసి, పిల్ల పెద్దదవుతుండగానే ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తేల్చేయడం అలవాటైంది. మేతకు సజ్జలు ఊరికే రావు కదా. పనికిరానిదాన్ని తప్పించాల్సిందే.

మాది చర్చికి పోయే ఇల్లు. ఏటా కోత పండుగకు విశ్వాసులందరూ తమ పంటలో, పశువుల్లో ఏదో ఒకటి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒక్కోసారి మేకపోతు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ముందరే వేలం వేస్తారు. వచ్చింది చర్చి ఖర్చులకు పోతుంది. మేం ప్రతిసారీ కోడినే ఇస్తాం. ఆ ఏడు ఒకేసారి పొదిగిన పుంజుపిల్లల్లో రెండు మంచివి తేలాయి. రెండూ ఎర్రటి డేగ రంగువే. ఒకదానికి ముక్కు చూడముచ్చటగా ఉంది, తోక కూడా మొలుస్తోంది. రెండోదానికి ముక్కు బాగానే ఉంది కానీ వెనకాల బోడిగా, తోక కత్తిరించినట్టు ఉంది. బోడిదాన్ని సంచిలో వేసుకుని చర్చికి పోయాను.

వేలంలో దాన్ని ఆటో అతను పాడుకున్నాడు. మా వెనక వీధిలో ఉంటాడు, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. మరుసటి ఆదివారం పాస్టరు అయ్యగారిని భోజనానికి పిలిచాడట, కూరకని కొన్నాడు. ఆ ఆదివారం అయ్యగారికి వేరే ఊళ్ళో పెళ్ళి తగిలింది. ఆ తర్వాత అయ్యగారు కడుపులో బాగాలేక మాంసం మానేశారు. అట్లా కత్తి కిందికి పోవలసిన పుంజు బతికిపోయింది. వాళ్ళ ఇంట్లో కోళ్ళగూడు లేదు. పొద్దు మునిగితే అది ఎగిరి ఆటో పైకప్పు మీద కూర్చునేది. పొద్దున ఆటో తీస్తే దిగి, సాయంత్రం ఆటో వస్తే ఎక్కేది.

నేనేమో నా పుంజుకు నాపబండలతో గది కట్టి, కింద ఏటి ఇసుక పోసి, తోక నేలకు రాసుకోకుండా ఎత్తుగా దండెం కట్టి, వారానికోసారి ఈకలకు కొబ్బరినూనె రాశాను. దాని తోక మూరెడు దగ్గర ఆగిపోయింది. ఆటో మీద పడుకున్నదాని తోక మాత్రం పెరుగుతూనే ఉంది. కింద రాసుకోవడానికి నేల లేదు, తొక్కడానికి ఇంకో పుంజు లేదు. ఒకరోజు అంగడి ముందు ఆటో ఆపి దాన్ని దించాడు. తోక మట్టిలో గీత గీసుకుంటూ నడిచింది. నా చేతిలో కత్తెర అట్లే ఉండిపోయింది.

"అన్నా, కడప కాడ ఏదో పోటీ ఉండాదంట గదా, నువ్వు పోతాండావంట. నేనూ వస్తా. ఏం చూస్తారో నాకేం తెలుసు, నువ్వే చూసుకోవల్ల," అన్నాడు.

దాని కాలు పట్టుకుని చూశాను. వేళ్ళ మధ్య నా గాటు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇది మా ఇంటి కూరే, పొరుగింటికి పోయాక రుచి వచ్చింది.

సరే రమ్మన్నాను. జీపు మాట్లాడుకుని, రెండు గంపలు పక్కపక్కన పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాం. మైదుకూరు దాటాక ఒక మామిడితోటలో షామియానాలు వేసి ఉన్నాయి. తమిళనాడు వైపు నుంచి కూడా వచ్చారు. ఆటో అతనికి పుంజును బల్ల మీద నిలబెట్టడం కూడా రాదు. అది పక్కకు తిరిగి కూర్చుంటుంది. పెద్దమనుషులు వస్తున్నారు. చివరికి నేనే పోయి, దాని కాళ్ళు సరిచేసి, మెడ కింద వేలుపెట్టి లేపి, తోక ఈకలు విడదీసి పరిచాను. అది ఎట్లా నిలబడాలో అట్లా నిలబడింది. మా నాయన చూడలేకపోయినది నా చేతుల్లో నిలబడి ఉంది, అది నాది కాదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. సంతోషమని అతను అనుకున్నాడు.

దానికే మొదటి బహుమతి. నా పుంజుకు "ముక్కు బాగుంది" అన్నారు. షీల్డు, ఒక పెద్ద కూలరు, దండ. తంతే బూరెల గంపలో పడ్డట్టు పడ్డాడు. తిరిగి వస్తుంటే కూలరు నా మోకాళ్ళ మీద పెట్టుకోవలసి వచ్చింది, జీపులో చోటు లేక. దారి పొడవునా అతను పాటలు పాడాడు. నేను కిటికీలోంచి పొట్టేళ్ళ మందలను చూస్తూ కూర్చున్నాను.

ఆ చలికాలం పోకముందే కోళ్ళకు కొక్కెర తెగులు వచ్చింది. మెడలు తిప్పి, పచ్చటి రెట్టలు పారి, గూడు గూడంతా ఖాళీ అయింది. నా పుంజూ పోయింది. ఒక్క ముసలి పెట్ట, దాని కూతురు మిగిలాయి. ఆటో అతని పుంజు మాత్రం ఆటో మీదే ఉంది, దానికి చీమైనా కుట్టలేదు. ఇప్పుడు మా నాయన వంశంలో మగది అదొక్కటే. దాన్ని నా పెట్టలకు కట్టించకపోతే ఇంతటితో సరి.

"పోయి అడుగు, ఇయ్యనంటాడా? నోట్లో ముత్యాలు రాలతాయా?" అంది మా ఆవిడ.

పోయాను. టీ తాగాను. ఆటో టైర్ల గురించి మాట్లాడాను. వచ్చేశాను. మళ్ళీ పోయాను, ఈసారి వాళ్ళ పాపకు గౌను కొలత తీసుకున్నాను. ఆ పుంజు ఆటో మీద నుంచి నన్ను చూస్తూనే ఉంది. నాది నాకు ఇవ్వమని అడగకుండానే టేపు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అంతలో మళ్ళీ కోత పండుగ వచ్చింది. ఆ ఏడు ఇవ్వడానికి కోడి లేక మేం జొన్నలు ఇచ్చాం. కీర్తన పాడుతుండగా ఆటో అతను వరసలోంచి లేచాడు. చంకలో ఆ పుంజు. తోక అతని మోకాళ్ళ దాకా వేలాడుతోంది. తిన్నగా పోయి బలిపీఠం ముందు గుమ్మడికాయల పక్కన నిలబెట్టాడు. అయ్యగారు కూడా పాట ఆపేశారు.

బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని అడిగాను. "నీకేమన్నా పిచ్చి పట్టెనా? దాన్ని ఇస్తారా ఎవురన్నా?"

"పోయినేడు ఈడనే గదన్నా నాకు దొరికింది. దేవునిది దేవునికి," అన్నాడు. టీ తాగిన గ్లాసు తిరిగి ఇచ్చినట్టు చెప్పాడు.

సంగతి ఎట్లా తెలిసిందో, కర్నూలు నుంచి ఇద్దరు కోళ్ళవాళ్ళు వేలానికి వచ్చారు. నేను పాడాను. వాళ్ళు పెంచారు. నేను ఇంకా పెంచాను. ఎంతకు పోయిందో చెప్పను, మా ఆవిడ కనపడినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. పుంజు నాకు వచ్చింది. గంపలో వేసుకుంటుంటే అతనే వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "మీ ఇంటిది మీ ఇంటికే వచ్చెనన్నా, నాకు శానా సంతోషం." నిజంగానే సంతోషపడ్డాడు, అదే నాకు మింగుడు పడలేదు. అయ్యగారు అతని తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. గంప పట్టుకుని నిలబడిన నన్ను ఎవరూ చూడలేదు. పుంజు ఇంటికి వచ్చింది కానీ దాని పేరు అతని దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ పుంజు ఉందని అతని మీద ఏడ్చాను. ఆ రోజు నుంచి దాన్ని వదిలేయగలిగిన ఆ చేతిని చూసి ఏడుస్తున్నాను.

ఆ పుంజుకు పిల్లలు వచ్చాయి. ఈ ఏడు కోత పండుగకు ఒకటి ఇవ్వాలి. పండుగ రోజు పొద్దున గూటి ముందు కూర్చున్నాను. ఒక పిల్ల ముందుకు వచ్చింది. కన్ను తెల్లగా మెరుస్తోంది, ముక్కు తాతదే. తోక సంగతి ఇప్పుడే తెలియదు, ఆ బుద్ధి నాకు వచ్చింది. చెయ్యి దాని దాకా పోయింది. వీపు నిమిరింది. నిమిరి, పక్కదాన్ని పట్టుకుంది.

దాన్ని సంచిలో వేశాను. వేశాక అనుమానం పట్టుకుంది. దీనికి కూడా తోక ఆలస్యంగా వస్తేనో? ఇంకెవరో పాడుకుని ఇంకే ఆటో మీదో పెంచితేనో?

"దుడ్లు తీసి పెట్టు," అన్నాను మా ఆవిడతో. "వేలంలో దీన్ని నేనే పాడుకుంటా."

ఆమె తల దువ్వుకుంటూ ఆగింది. "మళ్ళీ నువ్వే తెచ్చుకునేటట్లుంటే ఇంక ఇచ్చిందేముండాది?"

వీధిలో ఆటో హారన్ మోగింది. మమ్మల్ని చర్చికి ఎక్కించుకుపోవడానికి వచ్చాడు. నేను సంచి మూతి గట్టిగా పట్టుకుని బయటికి నడిచాను.