మలుపు మలుపుకూ కదిలిన తల

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నా పని మెదడు ఎమ్మారై బొమ్మల మీద గీతలు సరిచూడటం. మెదడు పైపొరకు లోపల ఒక గీత, బయట ఒక గీత సాఫ్ట్‌వేరే గీస్తుంది. రెంటి మధ్య దూరమే పొర మందం. గీత తప్పిన చోట నేను చుక్కలు పెట్టి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ నడపాలి. నడిపిన ప్రతిసారీ గంటలు గంటలు పడుతుంది. రోగులు నాకు బొమ్మలుగానే తెలుసు. మనుషులతో మాట్లాడాలంటే నాకు విసుగు.

ఒకరోజు నా ముందుకొచ్చిన బొమ్మ కొండ మీదికి బస్సు నడిపే డ్రైవరుది. పేర్లు మరిచిపోతున్నాడని భార్య తీసుకొచ్చింది. మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. నిరుటి స్కాన్ ఉంది. ఈ ఏడాది పొర పలచబడిందో లేదో చూసి, మిగతా పరీక్షలతో కలిపి, ఆయన్ని ఘాట్ రోడ్డు మీద ఉంచాలా దించాలా అన్నది డాక్టరుగారు రాసివ్వాలి. సాఫ్ట్‌వేర్ పలచబడిందనే చెప్పింది, ఎడమ కణత వైపు.

కానీ అక్కడ గీత వంకరగా పోయింది. చుక్కలు పెట్టాను. ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడింది. రెండు రోజులు అదే పని. మూడో రోజు, అన్నిటికంటే ముందు చూడాల్సిన, గీతలు లేని అసలు బొమ్మను తెరిచాను. పుర్రె చుట్టూ, నీళ్లలో రాయి వేసినట్టు అలలు. మెషిన్ లోపల పడుకున్నప్పుడు తల కదిలింది. ముందు అసలు బొమ్మ చూడమన్నది కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే నేను చెప్పే పాఠం. నా మీద నాకే కోపం వచ్చింది.

డ్రైవరునీ భార్యనీ పిలిపించాను.

"కదలొద్దని చెప్పారు కదన్నా?"

"నేను యాడ కదిలినానమ్మా? ఆ డబడబ శబ్దంలో పొద్దుపోక మనసులోనే బండి తీసినా. అలిపిరి నుంచి ఒక్కో మలుపూ తిప్పుకుంటా పోయినా."

"మలుపు మలుపుకూ తల వాల్చింటాడు. ఇంట్లో కుర్చీలో కూసున్నా అంతే," అంది భార్య.

"సగం దూరం పోయినాక ముందర ఏ మలుపు వస్తాదో తెలీలా. మళ్లా కిందికొచ్చి మొదట్నుంచి తీసినా. మూడు తూర్లు," అన్నాడాయన.

నేను నవ్వాను. తప్పు ఎక్కడుందో దొరికిందన్న సంతోషంలో ఉన్నాను. తల కదిలితే పొర ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. అందుకని, మొదట వచ్చిన ఫలితం అబద్ధమే అయ్యుండొచ్చని వాళ్లతో అనేశాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు. భార్య రెండు చేతులూ జోడించింది. కాగితం మీద "తల కదలిక, మళ్లీ తీయాలి" అని మాత్రం రాశాను.

రెండోసారి బొమ్మ ఒక్క అల లేకుండా వచ్చింది. గీతలు వాటంతటవే కుదిరాయి. నేను ఒక్క చుక్క కూడా పెట్టలేదు. ఎడమ కణత వైపు పొర పలచగానే ఉంది. నిరుటి బొమ్మ పక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆ మూడు తూర్ల మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లు బస్సు తిప్పిన రోడ్డులో మలుపు తెలియలేదని ఆయన నా ఎదుటే కూర్చుని చెప్పాడు. తల కదిలిందన్న సంగతి ఒక్కటే నేను విన్నాను. బాధేసింది.

ఫలితం డాక్టరుగారికి పంపి బయటికొస్తే, వరండాలో బెంచీ మీద ఆయన ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈసారి బండి తీయలేదమ్మా. నిలిపేసి, తాళం తీసేసి, మెదలకుండా పడుకున్నా. కుదిరిందా?"

"కుదిరిందన్నా," అన్నాను.