మరకల మేడం

మరకల మేడంకి తెల్ల కాగితమంటే కిట్టదు. ఎక్కడ కనిపించినా సరే, దాని మీద ఓ మచ్చ పడేదాకా ఆవిడ చెయ్యి ఊరుకోదు. టీ గ్లాసు అడుగు, రంగు వేలు, చెప్పు అంచు, ఏది అందితే అది.

ఆసుపత్రిలో ఆవిడ ఉద్యోగం రోగుల చేత బొమ్మలు వేయించి, వాళ్ళ మనసు కుదుటపరచడం. ఆ విద్యే కుర్రకారుకి నేర్పడం కూడా. ఆవిడకు భయపడి ఆఫీసు గుమాస్తా ఫైళ్ళన్నీ బీరువా నెత్తిన దాచేవాడు. భర్త తెల్లచొక్కాలు మానేసి ఏళ్ళయింది.

"మొదటిసారి కలిసినప్పుడే నా జేబు మీద కాఫీ పోసిందండీ. నేనే అర్థం చేసుకోలేదు," అనేవాడాయన, మచ్చలు కనిపించని ముదురు చొక్కా సర్దుకుంటూ.

అందరికంటే ఒళ్ళు మండేది ఆవిడ శిష్యుడికి. అడ్డగీత గీయాలన్నా స్కేలు వెతుక్కునే రకం వాడు. వాడు కష్టపడి గీసుకొచ్చిన చార్టు మీద ఓ రోజు మేడం తాపీగా గ్లాసు పెట్టేసింది.

"మేడం! అది నా చార్టు!"

"ఇప్పుడు నీదన్నట్టుంది. ఇందాకటిదాకా షాపులో కొన్నట్టుంది."

"మీకిదో జబ్బు మేడం."

"అయితే వైద్యం చెయ్యరా. నేర్చుకుంటున్నావుగా!"

వాడి పరీక్ష రానే వచ్చింది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఓ పెద్దాయన చేత ఏదైనా గీయించాలి. అప్పుడే పాసు. పెద్దాయన ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. చెయ్యి పడిపోయాక కుంచె వంక చూడలేదు.

శిష్యుడు మేడం కంటపడకుండా అట్టల మధ్య దాచి తెచ్చిన తళతళలాడే కాగితం పరిచాడు. పెన్సిలు ఆయన ఎడమచేతి పక్కన పెట్టాడు.

"ఏదో ఒకటి గీయండి తాతగారూ."

"ఎడం చేత్తోనా? బంగారంలాంటి కాగితం పాడైపోతుంది బాబూ."

"పాడైతే ఇంకోటిస్తాను."

"అదీ పాడవుతుంది."

ఎంత బతిమాలినా ఆ చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు. కాగితం వంక చూసేకొద్దీ పెద్దాయన కుర్చీలో వెనక్కి ఒదుగుతున్నాడు. శిష్యుడి మొహం వేలాడిపోయింది. మార్కులు వేయాల్సిన మేడం తలుపు దగ్గర నిలబడి, ఏమీ ఎరగనట్టు టీ ఊదుకుంటోంది.

వాడు కాగితాన్ని చూశాడు. పెద్దాయన్ని చూశాడు. మేడం చేతిలో గ్లాసుని చూశాడు.

"ఇలా ఇవ్వండి మేడం!" అని లాక్కుని, కళ్ళు మూసుకుని, కాగితం నట్టనడుమ పెట్టేశాడు.

"అయ్యయ్యో! ఏం పనయ్యా అది!" పెద్దాయన ముందుకు వంగాడు. "పాడు చేస్తే చేశావు, గుండ్రంగా అన్నా పెట్టలేదు. జరుగు!"

ముందే పాడైపోయిన కాగితాన్ని ఇంకెవరు పాడుచేయగలరు! ఆయన ఎడమచేత్తో పెన్సిలు అందుకున్నాడు. గీత వణికింది, వంకరపోయింది, అయినా మరక చుట్టూ తిరిగొచ్చింది. దానికి రెండు చెవులు మొలిచాయి. కిందికి వేలాడే మూతి ఒకటి వచ్చింది.

"ఇదిగో, నువ్వే! పొద్దుట్నుంచీ ఇదే మొహం!"

మేడం పడీపడీ నవ్వింది. శిష్యుడు పాసయ్యాడు.

పట్టా చేతికొచ్చాక వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. మూతి ముడుచుకుని మేడం గదికి వెళ్ళాడు.

"దీన్ని మర్చిపోయారు."

"మర్చిపోలేదురా. భయపడేవాళ్ళకే నా మరక. నీకింకేం భయం?"

"భయం కాదు మేడం. షాపులో కొన్నట్టుంది."

ఆవిడ టీ గ్లాసు వాడి వైపు జరిపింది.

"నువ్వే పెట్టుకో. స్కేలు మాత్రం తియ్యకు."