నా కనుబొమ, వాళ్ల గోడ

ముఖ పక్షవాతం తగ్గాక నా మూతి సర్దుకుంది. కుడి కనుబొమ మాత్రం సర్దుకోలేదు, జారి రెప్ప మీద కూర్చుంది. స్కూటీ మీద స్కూలుకు వెళ్తుంటే మేముండే హిందీ ఊళ్లోని పండరీ కూడలిలో సిగ్నల్ దీపం కనిపించేది కాదు. తల వెనక్కి వంచాలి, లేదా వేలితో బొమను ఎత్తి పట్టుకోవాలి. బండి నడిపే మనిషికి రెండోది కుదరదు.

మా వదిన దిష్టి అంది. ఎవరో స్వామి మంత్రించిన దారం తెచ్చి నా మణికట్టుకు కట్టింది. పెళ్లి ఇళ్లలోనే ముహూర్తాల మీద వాదన పెట్టుకునే దాన్ని, ఊరుకుంటానా? అక్కడికక్కడే కత్తిరించేశాను.

"ఉంచుకుంటే నీ సొమ్మేటి పోద్ది మరదలా?"

"నా బుద్ధి పోతుంది."

"బుద్ధి ఉన్నోళ్ల బొమలు పైకే ఉంటాయి గావాల!"

ఆ ఊళ్లోనే తెలీబంధా పేటలో ఒక సౌందర్య క్లినిక్‌కు వెళ్లాను. కోత లేదు, మచ్చ లేదు అన్నాడు డాక్టరు. వెంట్రుకల అంచున సూదితో చిన్న రంధ్రం చేసి, సన్నటి ముళ్లున్న దారాన్ని చర్మం కింద దూర్చి, బొమను పైకి లాగి వదిలేస్తారట. గోడ నిండా ముందు, తర్వాత ఫోటోలు. ఏ బాబానైనా అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను.

"బాగుపడనివాళ్ల ఫోటోలు ఎక్కడ?"

"మేడమ్, ఐసా కోయీ హై హీ నహీఁ," అని నవ్వాడు. అలాంటివాళ్లే లేరట. ఎంతకాలం నిలుస్తుందంటే, ఏళ్ల తరబడి అన్నాడు. నమ్మి చేయించుకున్నాను.

వానాకాలం దాటేసరికి బొమ మళ్లీ రెప్ప మీదికి వచ్చేసింది. క్లినిక్‌లో అడిగితే తప్పు నా చర్మానిదేనట, ఇంకో సిట్టింగ్ కావాలట. మా వదిన ఊరుకుంటుందా? "నాది మణికట్టుకే కదమ్మా, విప్పీసుకుంటే పోయేది. నీది నుదుట్లోకే దూర్చీసాడు!"

డాక్టరుకు చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను.

ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక సర్జన్‌ను కలిశాను. ఆవిడ నా చేత కళ్లు మూయించి, నుదుటి మీద వేలు ఆనించి, మెల్లగా తెరవమంది. అప్పుడు స్కేలు పెట్టి కొలిచింది. "నుదురు బిగించి ఉండగా కొలిస్తే స్కేలు అబద్ధం చెబుతుంది," అంది. వయసుతో కాస్త జారిన బొమకు చిన్న రంధ్రాల పద్ధతి కొంతకాలం పనికి రావచ్చట. కండరమే చచ్చిపోయినచోట దారం బరువు మోయలేదట. బొమ పైనే కోసి కుట్టాలి, మచ్చ కనిపిస్తుంది, నుదురు కొంత మొద్దుబారవచ్చు అంది. తన చేతిలో చెడిన ఒక కేసు గురించి అడగకుండానే చెప్పింది.

ఆ శనివారం సాయంత్రం క్లినిక్‌కు వెళ్లాను. హాలు నిండుగా ఉంది. గోడ మీద నా ఫోటో! అనుమతి ఎవరడిగారు? 'తర్వాత' అన్న బొమ్మలో వెంట్రుకల అంచున పెన్ను గుర్తు ఇంకా చెరగలేదు. అంటే నేను బల్ల దిగకముందే తీశారు.

దాని కింద నిలబడి హిందీలో అన్నాను: "ఇది నేనే. దారం లాగిన గంటలో తీసిన ముఖం ఇది. ఇప్పటి ముఖం ఇదిగో, చూడండి."

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, అందర్ ఆయియే, బైఠ్ కే బాత్ కర్తే హైఁ." లోపల కూర్చుని మాట్లాడుకుందామట.

"లోపలికి ఒకసారి వచ్చాను, చాలు. ఇది నిలవలేదని ఒక్క మాట ఇక్కడ చెప్పండి."

"ఫ్రీ మేఁ దుబారా కర్ దూఁగా." డబ్బు తీసుకోకుండా మళ్లీ చేస్తాడట.

"మళ్లీ చేయమన్నానా? చెప్పమన్నాను."

ఆయన స్టూలెక్కి ఫ్రేము దింపాడు. "దింపకండి, పక్కన ఇవాళ్టి ఫోటో పెట్టండి," అని అరిచాను. ఒక జంట లేచి వెళ్లిపోయింది. కనుబొమలు బరువుగా వాలిన ఒకావిడ మాత్రం కదల్లేదు. కూతురి పెళ్లిదాకా నిలిస్తే చాలంది. ఆవిడ మీదా కోపం వచ్చింది. కానీ తాను ఏం కొంటున్నదో ఆవిడకు తెలుసు. నాకు తెలియనివ్వలేదు.

తర్వాత ఆసుపత్రిలో కోయించుకున్నాను. కన్ను తెరుచుకుంది. బొమ పైన తెల్లటి గీత మిగిలింది. పౌడరు రాసి కప్పుకోమని అందరూ సలహా ఇస్తారు. కప్పను. ఆ డాక్టరు ఈనాటికీ ఆ ఒక్క మాట అనలేదు కాబట్టి ఆయన బదులు నేనే అంటున్నాను. ఈ గీత ఏమిటని ఎవరైనా అడిగితే క్లినిక్ పేరు, వీధి, అంతస్తుతో సహా చెబుతాను. అడగనివాళ్లకూ చెబుతాను.