మోకాలి దగ్గర లేచిన బుడగ

హిందూపురం బయట మా యూనిట్లో నారింజ రంగు సూట్లు కుడతారు. గడ్డకట్టే చలి సముద్రంలో ఓడ మునిగితే మనుషులు వేసుకుని దూకేవి. లోపలికి నీళ్లు రానివ్వవు, ఒంటి వేడి పోనివ్వవు. వాటిని పరీక్షించి సంతకం పెట్టడం నా పని.

ఈ రోజు సాయంత్రం సరుకు లారీకి ఎక్కించాక, అతుకుల మీద టేపు వేసే గంగమ్మ పెనుకొండ బస్సు వదులుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె సముద్రం ఎన్నడూ చూడలేదు.

"అక్కా, పొద్దున నేను చేసిన సూటుకు మోకాలి కాడ టేపు సరిగా అతకలేదేమోనని అనుమానంగా ఉండాది."

"పాసయింది కదా గంగమ్మా. లారీ పోతాండాది."

"నీళ్లలో పడినోడు యాడికొచ్చి మనల్ని అడుగుతాడక్కా?"

పెట్టె దింపించాను. సూటులో గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూశాం. మోకాలి దగ్గర ఆవగింజంత బుడగ లేచింది. పగిలి, మళ్లీ లేచింది.

"తప్పయిందక్కా" అని గంగమ్మ టేపు తెచ్చుకుని కూర్చుంది. నేను పరీక్ష కాగితం మీది నా సంతకాన్ని అడ్డగీత గీసి కొట్టేశాను. పొద్దున తొందరలో ఆ సూటును సరిగా చూడకుండానే పెట్టిన సంతకం అది.

ఆమె తన తప్పు నాతో చెప్పుకుంది. నా తప్పు ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మీరైతే ఎవరితో చెప్పేవారు?