తెర మీద మాషీ, వేరొకరి గొంతు

మా పక్కింటి మాషీ మంగళవారం తెల్లవారుజామున పోయారు. మాషీ అంటే బెంగాలీలో పిన్ని. అమెరికాలో, ఈ షామ్‌బర్గ్‌లో మా వీధివాళ్లందరికీ ఆవిడ మాషీయే. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారు. అందుకు నాకు బెంగ లేదు. శనివారం ఫ్యునరల్ హోమ్‌లో జరిగినదానికే కడుపు ఇంకా మండుతోంది.

అక్కడ పెద్ద తెర మీద ఆవిడ పదహారేళ్లప్పటి సినిమా పాట వేశారు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ, ఎంత చక్కటి గొంతో అనుకున్నారు. ముఖం మాషీదే. గొంతు ఆవిడది కాదు.

ఆ సంగతి నాకు ఆవిడే చెప్పారు. తొమ్మిదో ఏట కలకత్తాలో ఒక స్టూడియోలో చేరారు. చిన్న సినిమాల్లో ఇంకా కెమెరా ముందే పాడించే రోజులు. తబలా అతను పొద వెనక నక్కి కూర్చునేవాడట, దోమలు కుట్టినా చెయ్యి ఆపకూడదు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు. తరవాత పదహారో ఏట హీరోయిన్‌గా వేసిన మొదటి సినిమాకి తన పాట తనే రికార్డు చేసి, దానికే పెదవులు కదిపారు. విడుదలయ్యాక తల్లి పక్కన కూర్చుని చూస్తే, తన నోట్లోంచి ఇంకొకావిడ గొంతు వచ్చింది. పేరున్న గాయనైతే రికార్డులు బాగా అమ్ముడవుతాయని నిర్మాత మార్చేశాడు. ఈ పిల్లకొక మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు. హాలు బయట జనం చుట్టూ మూగి, బాగా పాడావమ్మా అన్నారట.

ఆవిడ మళ్లీ స్టూడియో గడప తొక్కలేదు. పెళ్లయ్యాక, సినిమాల్లో వేసిన సంగతి ఎక్కడా ఎత్తకూడదన్నారు అత్తవారు. కొడుకూ అదే పట్టు పట్టాడు, అమెరికా వచ్చాక కూడా.

మా అమ్మాయి సాధన చేస్తుంటే మాషీ వచ్చి, మొహాన వెలుతురు పడేలా కిటికీ ఎదుట కూర్చునేవారు. "మాట మింగకు. మాట మింగితే పాట చచ్చిపోతుంది" అనేవారు. తను మాత్రం కూనిరాగమైనా తీసేవారు కాదు.

అందుకే పాట ఆగగానే వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లాను. ఆయన్ని వాళ్ల పద్ధతిలో దాదా, అంటే అన్నయ్య, అనే పిలుస్తాను. "దాదా, అది మాషీ గొంతు కాదు. మీకు తెలుసు కదా."

"తెలుసు," అన్నాడాయన నెమ్మదిగా. "యూట్యూబ్‌లో అదొక్కటే దొరికింది. పిల్లలు ప్రౌడ్‌గా ఫీలవుతున్నారు. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?"

బతికుండగా దాచిన సినిమాని పోయాక చూపించాడు, అదీ ఆవిడ గొంతు లేకుండా. ఎవరో అడిగితే మళ్లీ మొదటినుంచి వేశారు. నేను బయటికి వచ్చేశాను.

పోయిన చలికాలం మాషీని కంటి డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. తిరిగొస్తుంటే మంచు ఎక్కువై ఒక గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో కారు ఆపాను. అడక్కుండానే ఆ పాట అందుకున్నారు. పై స్థాయిలో గొంతు తెగింది. ఊపిరి తీసుకుని, తెగిన చోటు నుంచే మళ్లీ ఎత్తుకున్నారు. రికార్డు చేద్దామని నేను ఫోన్ తీయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. ఇస్తే మళ్లీ మార్చేస్తారు."

చివరిదాకా పాడారు. బయట ఒకతను మంచులో షాపింగ్ కార్ట్‌లు తోసుకుంటూ పోతున్నాడు. మాషీ ఉన్నిటోపీ పైకి జరిపి, చెవులు బయటపెట్టుకుని, బాగా పాడావమ్మా అంటాడేమోనన్నట్టు అతనివైపే చూస్తూ కూర్చున్నారు.