మంచిగున్నప్పుడు

హోసూరులో మా వీధి ఆడవాళ్ళ రవికెలన్నీ నేనే కుట్టేదాన్ని. ఏడాదికి రెండుసార్లు మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, వారాల తరబడి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. ఇద్దరికీ తలూపాను. వాదించే ఓపిక ఎక్కడిది?

ఎనభైలలో ఒక వేసవిలో మా అత్త నన్ను బస్సులో కృష్ణగిరికి తీసుకుపోయింది. అక్కడి మనోవ్యాధుల డాక్టరు అంతకుముందు రెండుసార్లు నన్ను చూసి, దిగులు జబ్బని మాత్రలు రాసిచ్చాడు. ఆయనకు మేం చెప్పింది దిగులు గురించే. మిగతాది కూడా జబ్బేనని మాకేం తెలుసు?

ఈసారి ఆయన నన్ను వదిలి అత్తను అడిగాడు. "బాగున్నప్పుడు ఎట్లుంటుందమ్మా?"

ఇంట్లో నా గురించి ఒక్క మంచి మాట అనని మనిషి, ముఖం ఇంత చేసుకుంది.

"మంచిగున్నప్పుడు నా కోడలి మాదిరి ఇంకొకతి యాడా లేదు సామీ! వారం దినాలు మూడేసి గంటలు పండుకుంటే చాలు దానికి. పొద్దు మునిగేలోగా పది రవికెలు కుడుతుంది. నోరు మూయదు, నవ్వుతానే ఉంటుంది. పోయిన తూరి బాగలూరు పోయి బండెడు చేమంతులు తెచ్చి వీధంతా పంచింది!"

డాక్టరు గబగబా రాసుకున్నాడు. అట్లా ఎన్నిసార్లు వచ్చింది, ఊరికే కోపం వస్తుందా, లేని గొంతులు వినిపిస్తాయా, ఆసుపత్రిలో చేర్చేంత అదుపు తప్పిందా అని అడిగాడు. చివరి రెండింటికీ అత్త "ఛీ ఛీ, అదేమీ లేదు సామీ" అంది.

"ఇది ఉత్త దిగులు కాదమ్మా. మనసు పైకెక్కేదీ, కిందికి దిగేదీ ఒకే జబ్బు. మీ కోడలికి ఎక్కేది పిచ్చి దాకా పోదు, అందుకే ఎవరికీ కనబడలేదు. దీన్ని రెండో రకం అంటారు" అన్నాడు. మాత్ర మార్చి, రక్తపరీక్ష రాశాడు.

నాకు ఒళ్ళు మండింది. పడుకున్న నన్ను జబ్బనుకోండి, కాదనను. చేమంతులు పంచింది నేను కాదా? నా బతుకులో అదొక్కటే నాదనుకున్నాను. మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాను. బస్టాండు చేరేలోగా ఆ మంట కూడా చల్లారిపోయింది.

బస్సులో అత్త గొంతు తగ్గించి అడిగింది. "నేను మంచే చెప్తిని కదమ్మా. తప్పు చెప్పినానా?"

"లేదత్తా, సరిగ్గానే చెప్పినావు."

మాత్రలు పనిచేశాయి. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోలేదు. రోజుకు రెండే రవికెలు కుట్టేదాన్ని, చేమంతులకు మళ్ళీ బాగలూరు పోలేదు. ఒక మధ్యాహ్నం కాజాలు వేస్తుంటే అత్త పక్కన కూర్చుని చాలాసేపు నన్నే చూసింది.

"మంచిగున్నావా అమ్మా?"

"మామూలుగా ఉన్నానత్తా."

"హమ్మయ్య" అంది అత్త. అని, ఏడ్చింది.