ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను

మా చిన్నప్పుడు... కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో ఏ వస్తువు పోయినా అమ్మవారి గుడి ముందు కర్పూరం ఆర్పించేవారు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి "నేనెరగను" అన్నామంటే ఇక అంతే... మళ్ళీ ఎవరూ అడగకూడదు.

పంతొమ్మిది వందల ముప్పైల్లో మాట ఇది. నాకు తొమ్మిదేళ్ళు. నేను చెబుతుంటే మా మునిమనవరాలు టైపు చేస్తోంది... తప్పులుంటే దాన్ని తిట్టండి, నన్ను కాదు.

మా అమ్మ తమ్ముడు చంద్రం మావయ్య తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, మా ఇంట్లోనే ఉండి, ఊరి బడిలో పాఠాలు చెప్పేవాడు. దేవుడు లేడనేవాడు. అలాగని ఎవరితోనూ వాదానికి దిగేవాడు కాదు... గుడికి రమ్మంటే "మీరు వెళ్ళి రండి, నేను పొయ్యి చూసుకుంటాను" అనేవాడు. మా మామ్మకు ఆ మాట వింటేనే ఒళ్ళుమంట. "వీడికి పుట్టగతులుండవే" అని మా అమ్మను సాధించేది. నన్ను బడికి పంపమని మా నాన్నతో పోట్లాడింది మాత్రం ఆయనొక్కడే.

మా ఇంటి వెనక కాలవ దాటితే చేపలు పట్టే వెంకన్న ఇల్లు. ఆ ఏడు తాటి మాను తొలిచి కొత్త దోనె చేసుకున్నాడు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంటే మావయ్య నవ్వుతూ, "తాడు కూడా గట్టిగా కట్టుకో వెంకన్నా... కొబ్బరికాయ దోనెను పట్టుకోదు" అన్నాడు. అందరూ నవ్వారు. వెంకన్నా నవ్వాడు.

శ్రావణ శుక్రవారం... మామ్మ పూజకు కలువలు కావాలంది. నేను ఎవరికీ చెప్పకుండా ఆ దోనె తాడు విప్పుకుని వెళ్ళాను. ఒడినిండా కలువలు కోసుకొచ్చి, తాడు నాకు తోచినట్టు ముడేశాను. పెరట్లోకి వస్తుంటే మావయ్య ఎదురయ్యాడు. తడిసిన పరికిణీనీ, కలువల్నీ చూసి, "జలుబు చేస్తుంది, బట్టలు మార్చుకోవే" అన్నాడు.

ఆ సాయంత్రం గాలివాన. తెల్లారేసరికి దోనె లేదు. మూడో రోజున రాతి వంతెనకు కొట్టుకుని, నిలువునా చీలిపోయి కనిపించింది. వెంకన్నకు నలుగురు పిల్లలు. దోనె లేకపోతే వేట లేదు, వేట లేకపోతే పొయ్యిలో నిప్పు లేదు.

"నా ముడి ఊడేది కాదండీ. తాడు తెగలేదు, ఎవరో విప్పారండీ" అని గుడి ముందు కూర్చుని ఏడ్చాడు. ఎవరికో మావయ్య ఆడిన హాస్యం గుర్తొచ్చింది. ఇంకేముంది... ఊరంతా ఆయన వైపే చూసింది.

ఊరి పెద్ద సూర్రాజు గారు మర్యాదగానే అడిగారు. "ఏవండీ మాస్టారూ, మీరు విప్పారా?"

"లేదండీ."

"అయితే కర్పూరం ఆర్పండి."

"నమ్మకం లేనిదాని మీద ప్రమాణం చేస్తే అదే అబద్ధమవుతుందండీ. నా మాట చాలదా?" అన్నాడు మావయ్య.

"పోనీ, ఎవరు విప్పారో తెలుసా?"

"తెలుసనే అనుకుంటున్నానండీ. కానీ చెప్పవలసింది నేను కాదు."

"దేవుడి భయమే లేనివాడికి ఇంకేం భయం ఉంటుందండీ!" అన్నారు సూర్రాజు గారు.

"వెంకన్న పిల్లలు ఇవాళ ఏం తిన్నారోనన్న భయం ఉంటుందండీ" అన్నాడు మావయ్య. నా వైపు మాత్రం చూడలేదు... చూసినా బాగుండేది.

తర్వాత మా ఇంట్లో అందరి చేతా ఆర్పించారు. నా వంతు వచ్చింది. అమ్మవారంటే నాకు ఎంత భయమో చెప్పలేను. నాన్న దెబ్బలంటే అంతకన్నా భయం. మనసులోనే "ఒట్టు తీసి గట్టు మీద పెట్టా" అనుకున్నాను. ఆటల్లో దొంగ ఒట్టు వేసినప్పుడల్లా పిల్లలం చేసే పనే అది... అలా అనుకుంటే ఒట్టు తగలదని మా నమ్మకం. కర్పూరం మీద చెయ్యి వేసి, "నేనెరగను తల్లీ" అన్నాను. చెయ్యి చురుక్కుమంది, అంతే. "పసిపిల్ల, అబద్ధమాడదు" అన్నారెవరో.

మర్నాటి నుంచి బడికి పిల్లల్ని పంపడం మానేశారు. మావయ్య వెంకన్నతో కలిసి ఇంకో తాటి మాను తొలచడం మొదలుపెట్టాడు. సుద్దముక్క పట్టిన చేతులు... బొబ్బలెక్కాయి. ఆ దోనె నీళ్ళలోకి దిగేదాకా ఊరు వదల్లేదు. దానికీ వంక పెట్టారు మావాళ్ళు. "చూశారా, తప్పు చెయ్యకపోతే ఇదంతా ఎందుకు చేస్తాడు!" అన్నారు. పాపం, చేసిన మంచి కూడా ఆయన మీద సాక్ష్యమైపోయింది.

వెళ్ళిపోయే రోజు పొద్దున్నే ట్రంకు పెట్టె పట్టుకుని పొలం గట్టు మీద నిలబడ్డాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను... చెప్పకుండా ఆయన పెట్టె పిడి పట్టుకున్నాను. ఆయనే వంగి, మెల్లగా, "తాడు ముడెయ్యడం వెంకన్ననడిగి నేర్చుకోవే" అన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. గుండుగొలను వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మా ఊరు రాలేదు. తాడేపల్లిగూడెంలోనే పోయాడు. అమ్మ చివరిదాకా "నా తమ్ముడు అలాంటివాడు కాదే" అని ఏడ్చేది... నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. అమ్మకూ చెప్పలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపిస్తుంది!

ఇప్పటికీ రోజూ దీపం పెడతాను. ఎన్ని మొక్కులు మొక్కానో, ఎన్ని తీర్చానో... అమ్మవారు నన్ను క్షమించే ఉంటుంది. కానీ నేను తప్పు చేసింది ఆవిడకు కాదుగా. దేవుడు లేడన్న మనిషికి. ఆయన్ని ఏ గుళ్ళో వెతకను?

ఇప్పుడు ఆ తాటి దోనెలు లేవు, ఎటు చూసినా చేపల చెరువులే. కర్పూరం ఆర్పించేవాళ్ళూ లేరు. మా ఇంట్లో పిల్లలు ఫోనులో మాటకు ముందొకటి, వెనకొకటి ఒట్లు వేస్తుంటారు... వింటుంటే నా అరచెయ్యి చురుక్కుమంటుంది.

మీరూ చిన్నప్పుడు ఒట్టు తీసి గట్టు మీద పెట్టే ఉంటారు. ఆ గట్టు మీద ఎవరు నిలబడవలసి వచ్చిందో గుర్తుంటే రాయండి... నాకైతే ట్రంకు పెట్టెతో మా మావయ్యే కనిపిస్తాడు.